అహ్మది తోటలో పొడుగు కాళ్ళ పొయ్యి

సూరాయమ్మది రాజోలు దగ్గర ఊరు. పన్నెండేళ్ళుగా కువైట్‌లోని అహ్మదిలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తోంది. ఇంటి యజమాని ఫైసల్ చమురు కంపెనీలో ఇంజనీరు. చదువుకునే రోజుల్లో అమెరికాలోని లూసియానాలో ఐదేళ్ళున్నాడు. అక్కడివాళ్ళు పెరట్లో పెద్ద పొయ్యి పెట్టి, క్రాఫిష్ అనే ఎర్ర డొప్పల రొయ్యల్ని బస్తాల కొద్దీ ఉడకబెట్టి, బల్లమీద కాగితం పరిచి కుమ్మరించుకుని తింటారట. ఈ ఫిబ్రవరి సెలవుల్లో నలభైమందిని పిలిచి అలాంటి విందే తన తోటలో చేయాలని ఆయన ముచ్చటపడ్డాడు. ఐసులో పెట్టిన క్రాఫిష్ పెట్టెలు ఇంటికి వచ్చేశాయి. ఇక కావలసింది పొయ్యీ, గుండిగా.

వాటికోసం బుధవారం సూరాయమ్మను డ్రైవరు సుభాన్‌తో దజీజ్ బజారుకు పంపించాడు. ఏది తేవాలో ఫోటో కూడా ఫోనులో పంపాడు.

దుకాణం మనిషి ఆ ఫోటోలో ఉన్నదే బయటికి లాగాడు. నడుమెత్తు పొయ్యి, సన్నటి మూడు కాళ్ళు. దానిమీద ఎనభై లీటర్ల అల్యూమినియం గుండిగ, లోపల చిల్లుల బుట్ట. వంగే పని లేదు, నిలబడే వండుకోవచ్చని అతను మురిపెంగా చెప్పాడు. సూరాయమ్మ ఖాళీ బుట్టను పట్టుకుని పైకెత్తి చూసింది. చేతులు తలదాకా వచ్చినా బుట్ట అడుగు గుండిగ అంచు దాటలేదు. విందు రోజు ఇందులో ఇరవై కిలోల సరుకు ఉంటుంది. మరిగే నీళ్ళు మోచేతుల మీదుగా కారతాయి.

ఆమెకు పోలేరమ్మ గుర్తొచ్చింది. ఊళ్ళో ఇద్దరూ పెళ్ళిళ్ళకు కలిసి వండేవారు. గాడిపొయ్యి తవ్వుకుని, గుండిగలు నేలమట్టానే పెట్టుకునేవారు. ఒక పెళ్ళిలో వాన పడి నేల తడిసిందని ఇటుకలు పేర్చి వాటిమీద సాంబారు గుండిగ ఎక్కించారు. ఒక ఇటుక జరిగింది. పోలేరమ్మ మూడు నెలలు కాకినాడ ఆసుపత్రిలో ఉంది. ఆ తర్వాత కాళ్ళు మడిచి కూర్చోలేకపోయింది, వంటకీ రాలేదు.

దుకాణంలో ఒక మూల ఇంకో పొయ్యి ఉంది. మోకాలి దిగువకు వచ్చే నాలుగు కాళ్ళు బాగా ఎడంగా ఉన్నాయి. చుట్టూ గాలి కొట్టకుండా రేకు. దానితో వచ్చే గుండిగకు అడుగున నీళ్ళు వదిలే కుళాయి. సూరాయమ్మ అక్కడినుంచే ఫైసల్‌కు ఫోను చేసి ఇది బాగుందని చెప్పింది. ఫోటోలో ఉన్నదే తెమ్మని ఆయన పెట్టేశాడు.

"వాళ్ళు చెప్పింది తీస్కపోతే అయిపోతాది గదక్కా," అన్నాడు సుభాన్. అతనిది రాయచోటి. "వచ్చే నెలలో నీ ఇఖామా వీసా రెన్యూ చేసేది ఉండాది. ఈ టైంలో ఎదురు మాట్లాడేది ఎందుకు?"

సూరాయమ్మ డబ్బు కట్టేసింది. పొడుగు కాళ్ళ పొయ్యిని బండెక్కించి, పొట్టిదాన్ని మర్నాడు సాయంత్రం ఏడింటిదాకా ఎవరికీ అమ్మవద్దని దుకాణం మనిషిని బతిమాలుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫైసల్ పొయ్యిని పచ్చికమీద పెట్టించాడు. పొద్దున్నే నీళ్ళు పెట్టిన పచ్చిక అది. రెండు బారల దూరంలో ఆయన కవల ఆడపిల్లలు చాప వేసుకుని బొమ్మలు గీస్తున్నారు. గ్యాసు గొట్టం బిగించి, మంట చూద్దామని లైటరు సూరాయమ్మ చేతికివ్వబోయాడు.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ముందు చన్నీళ్ళు పోసి చూద్దాం బాబా," అంది తనకొచ్చిన అరబ్బీలో. "అప్పటిదాకా నేను వెలిగించను."

సూరాయమ్మ మామా అని పిలిచే ఫైసల్ భార్య తల తిప్పి చూసింది. ఊరుకొమ్మని కళ్ళతోనే చెప్పింది. ఫైసల్ మొహం ఎర్రబడింది. పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో సూరాయమ్మ చేయనన్న పని లేదు. తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టినా పెడతారనుకుంది. అయినా పక్కకు తప్పుకోలేదు.

ఆయన విసురుగా తోటగొట్టం లాగి గుండిగలో పెట్టాడు. సగం నిండింది. పొయ్యి కదల్లేదు. ముప్పావు నిండింది. అప్పుడూ కదల్లేదు. ఆయన గొట్టం పక్కన పడేసి నవ్వాడు.

"ఖలాస్? ఇప్పుడు వెలిగిస్తావా?"

"బుట్టలో బరువు పెట్టి ఒక్కసారి పైకి తియ్యండి బాబా. రేపు తీయాల్సిందే కదా."

ఇక ఈ గొడవ తేల్చేద్దామన్నట్టు ఆయన రెండు క్రాఫిష్ పెట్టెలు బుట్టలో పెట్టి నీళ్ళలోకి దించాడు. స్టూలెక్కి రెండు చేతులా పైకి లాగాడు. బుట్ట సగం పైకొచ్చి గుండిగ అంచుకు తగులుకుంది. విడిపించాలని తనవైపు గుంజాడు. ఆ గుంజుకు బరువంతా ఒక పక్కకు మొగ్గి, ఆ వైపు కాలు మెత్తటి మట్టిలోకి జానెడు దిగబడిపోయింది. సూరాయమ్మ చాప దగ్గరికి పరుగెత్తి పిల్లల్నిద్దరినీ రెండు చేతులతో వెనక్కి లాగింది. గుండిగ ఒరిగి పడింది. నీళ్ళు ఫైసల్‌ను రొమ్ము నుంచి పాదాలదాకా తడిపి, పచ్చికమీద పరుచుకుని, చాపమీది రంగు పెన్సిళ్ళను కొట్టుకుపోయాయి.

మామా వచ్చి పిల్లల్ని దగ్గరికి తీసుకుంది. ఫైసల్ స్టూలు పక్కనే నిలబడి పిల్లలు కూర్చున్న చోటునే చూస్తున్నాడు.

చివరికి, "ఇంకో పొయ్యి అన్నావు కదా," అన్నాడు.

"ఏడింటిదాకా ఉంచమన్నాను బాబా."

ఆయన బట్టలు మార్చుకుని తనే బండి తీశాడు. దారిలో ఇదంతా నీకెలా తెలుసని అడిగితే, సూరాయమ్మ పోలేరమ్మ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. పొట్టి పొయ్యితో పాటు పొడవాటి గ్యాసు గొట్టం కూడా కొన్నాడు.

శుక్రవారం పొయ్యిని పచ్చికమీద కాక సిమెంటు గచ్చుమీద పెట్టారు. సిలిండరు దూరంగా గోడవారన పెట్టి, చుట్టూ తాడు కట్టారు. తాడు దాటి పిల్లలెవరూ రాకుండా సూరాయమ్మ కాపలా కాసింది. నీళ్ళు తెర్లుతుంటే ఆమె చూపు మంటమీదనుంచి కదల్లేదు. ఉడికాక గ్యాసు కట్టేసి, బుట్ట చెవుల్లో ఇనుప కడ్డీ దూర్చి ఆమె ఒక పక్కా సుభాన్ ఒక పక్కా పట్టుకుని ఎత్తారు. అలా నాలుగు వాయలు.

బల్లల దగ్గర ఎవరో పొయ్యిని మెచ్చుకున్నారు. రెండు రకాలు తెప్పించి, నీళ్ళు పోసి పరీక్ష చేసి మరీ దీన్ని ఎంచుకున్నానని ఫైసల్ చెబుతున్నాడు. సుభాన్‌కు ఒళ్ళు మండింది.

"వింటివా అక్కా, ఆయప్ప చెప్పేది?"

"చెప్పుకోనీ తమ్ముడూ," అంది సూరాయమ్మ. "నువ్వా కుళాయి తిప్పు, చూసుకుని."

వేడినీళ్ళు ఆవిర్లు కక్కుతూ కాలవలోకి పోయాయి. చివరి చుక్కదాకా పోయాక ఆమె గచ్చుమీద కూలబడింది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదని అప్పుడే తెలిసింది.