ఉల్లిపాయ గది

పొయ్యి మీద కాఫీ పాత్ర గురగురమంటోంది. ఇటలీవాళ్లు వాడే అల్యూమినియం పాత్ర అది. నడుము సన్నగా ఉంటుంది, అడుగున నీళ్లు, మధ్యలో పొడి. నీళ్లు మరిగి పైకి తన్నుకొచ్చేటప్పుడు కోపం వచ్చిన పిల్లిలా చప్పుడు చేసి, ఇల్లంతా మాడు కలిసిన ఘాటు వాసన నింపుతుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా లూచియమ్మ గురించి రాయాలనుకుంటాను. ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఆమె నాకు నేర్పినవి ఇంగ్లీషు అక్షరాలు. వాటితో మందు సీసా మీద పేరు చదవగలిగాను, బస్సు బోర్డు చదవగలిగాను గాని మనసులో మాట వాటిలోకి దిగలేదు. తెలుగు అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలకు చెప్పే తెలుగు క్లాసులో, మా మనవరాలు జెస్సీ పక్కన చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుని దిద్దుకున్నాను. అవి చేతికి లొంగేసరికి లూచియమ్మ లేదు. ఆమె కాఫీ పాత్ర నా దగ్గరికి వచ్చింది.

చిన్నప్పుడు ఎందుకు నేర్చుకోలేదని అడిగేవాళ్లకు బాతుల సంగతి చెబుతాను. మాది బాతులు మేపే ఇల్లు. కోత అయిన పొలాల్లో రాలిన గింజల కోసం బాతుల్ని తోలుకుంటూ డెల్టా అంతా ఊరూరా తిరిగేవాళ్లం. ఒక ఊళ్లో బడి కనిపించేలోపు మా బాతులు ఇంకో ఊరి పొలిమేర దాటేవి. నాకు చదువు రాలేదు గాని జ్ఞాపకం బాగా వచ్చింది. రెండు మందలు కలిసిపోతే మా బాతు ఏదో, పక్కవాళ్లది ఏదో విడదీయగలిగేదాన్ని. చర్చిలో పాటలన్నీ, ఏ చరణం తర్వాత ఏది వస్తుందో, ఒకసారి వింటే చాలు. పెళ్లయ్యాక, పిల్ల పుట్టాక, ఆ జ్ఞాపకంతోనే సంసారం ఈదాను. మా అమ్మాయి సునీత నర్సు. ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఉద్యోగం వచ్చి, అక్కడి మాసన్ లేక్స్ పేటలో ఇల్లు తీసుకుని, జెస్సీని చూసుకోవడానికి నన్ను రప్పించింది. వెనక కంచెకు అవతల ఇల్లు లూచియమ్మది.

ఆమె నాకంటే చాలా పెద్దది. ఒంటరి మనిషి. పెరటినిండా టమాటాలు, ద్రాక్ష పందిరి. ఒకరోజు కంచె మీదుగా రెండు సీసాలు ఇచ్చింది. రెండింట్లోనూ నల్లగా నిగనిగలాడే ముద్ద. ఒకటి తెరిచి, జామ్ అనుకుని రొట్టె మీద పూసి, పైన కాస్త పంచదార చల్లి జెస్సీకి పెట్టాను. పిల్ల నమిలి, నన్ను చూసి, మొత్తం నా చేతిలోనే ఊసింది. అది ఆలివ్ కాయల పచ్చడి. జామ్ రెండో సీసాలో ఉందట.

మర్నాడు ఆ సంగతి చెబితే లూచియమ్మ కంచె పట్టుకుని నవ్వింది. "చీటీలు అంటించానుగా!"

"చీటీ ఉందమ్మా. నాకే చదువు లేదు," అన్నాను.

మా ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే. ఆమెది ఇటలీ నుంచి, నాది డెల్టా నుంచి కుంటుతూ వచ్చి కంచె దగ్గర కలుసుకునేవి. ఆమె మాటల్ని నా తెలుగులోకి మార్చి రాస్తున్నాను. చదువు లేదంటే అయ్యో పాపం అంటుందనుకున్నాను. అందరూ అంటారు. ఆమె మొహం మాత్రం కొత్త వంటకం వాసన తగిలినట్టు వెలిగింది. "మరి నీ వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో ఎలా తెలుస్తుంది? జెస్సీ స్కూలు బస్సు ఏదో ఎలా పట్టుకుంటావు? చర్చిలో పుస్తకం తెరుస్తావా, తెరవవా?" ఒకటే ప్రశ్నలు. నన్ను అన్ని ప్రశ్నలు అంతకుముందు ఎవరూ అడగలేదు. బాతుల సంగతి చెబితే ఇంకా ఆశ్చర్యపోయింది. "ఒకేలా ఉండే బాతుల్ని గుర్తుపట్టే మనిషికి అక్షరాలెంత! ఇవి అటూ ఇటూ పరిగెత్తవు కూడా," అంది.

మా తలుపులకు కాగితాలు అంటించడంతో చదువు మొదలైంది. ప్యాంట్రీ, లాండ్రీ, ఫ్రిజ్, బాత్రూమ్. నల్ల స్కెచ్ పెన్నుతో అరచేయంత అక్షరాలు. ఇల్లంతా అంటించి వెళ్లిపోయింది. సాయంత్రం మా అల్లుడు ప్రసాద్ బ్యాగు కింద పెట్టి చుట్టూ చూశాడు. "ఏంటత్తయ్యా, ఇంటికొచ్చానా లాడ్జికొచ్చానా? కాఫీకి బెల్లు కొట్టాలా?" అన్నాడు.

అతని మాటలో నిజం ఉందని తర్వాత తెలిసింది. లూచియమ్మ తను కూడా అలాగే, ఒక హోటల్లో తలుపుల మీద చదువు నేర్చుకుంది. ఓడెక్కి ఆస్ట్రేలియా రాకముందు, కన్నెపిల్లగా, బొలోన్యా అనే పాత పట్టణం నడిబొడ్డున ఒక చిన్న హోటల్లో పక్కలు వేసే పని చేసేది. అక్కడ గదులకు అంకెలు లేవు, చెట్ల పేర్లు. తలుపు మీద పండు బొమ్మ, కింద పేరు. బొమ్మల్ని బట్టి పని నెట్టుకొచ్చేది. "ఒక తలుపు మీద ఎర్రగా గుండ్రంగా, నెత్తిన పిలకతో ఒక బొమ్మ ఉండేది. ఉల్లిపాయనుకున్నా. నాకది ఉల్లిపాయ గది. ఒకరోజు యజమానురాలు, 'మెలోగ్రానోలో దుప్పటి మార్చు' అంది. మెలో అంటే ఆపిల్ చెట్టు. అంతవరకే విని ఆపిల్ గదిలోకి వెళ్లి, లోపల కునుకు తీస్తున్న ఫాదర్ గారి మీద దుప్పటి లాగేశాను." ఆ తర్వాత యజమానురాలు ఆమె చెవి పట్టుకుని ఉల్లిపాయ గది ముందుకు తీసుకెళ్లి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టించి చదివించిందట. మెలోగ్రానో. దానిమ్మ. ఆమె చదివిన మొదటి మాట అది.

ఆమె చదువులో ఒక చిక్కుందని నాకు మొదట తెలియదు. ప్రతి అక్షరానికీ ఒక పలుకు ఉంటుందని, చివరి అక్షరం దాకా అన్నీ పలకాలని నేర్పింది. చెవికి తెలుగులాగే హాయిగా ఉండేది. అలా నేర్చుకుని, ఆమె పంపితేనే, లైబ్రరీలో పెద్దవాళ్లకు చెప్పే ఇంగ్లీషు క్లాసుకు కూడా వెళ్లాను. అక్కడ పంతులమ్మ ఒక అట్ట ఎత్తి చూపించి చదవమంది. నిలబడి గట్టిగా, "క్నిఫే" అన్నాను. అందరూ నవ్వారు. మంచి నవ్వే, ఎగతాళి కాదు, అయినా చెవులు మండాయి. ఇంటికొచ్చి చెబితే జెస్సీ పొట్ట పట్టుకుంది. "అమ్మమ్మా, ఇట్స్ నైఫ్! కె సైలెంట్!"

"నోరు మూసుకుని ఉండేదాన్ని రాయడమెందుకే?"

"ఐ డోంట్ నో. ఇట్స్ జస్ట్ ఇంగ్లీష్."

టేబుల్ నాకు తాబ్లే, గేటు గాతే. నేర్చుకున్నదంతా తప్పే అనిపించింది. ఆ రాత్రి తలుపుల మీది కాగితాలన్నీ పీకేశాను. లాండ్రీ కాగితంతో పాటు కాస్త రంగు కూడా ఊడొచ్చింది.

లూచియమ్మతో ఇక చాలన్నాను. ఆమె ఓదార్చలేదు. చేతిలో టమాటాను ముక్కుకు ఆనించుకుని చూస్తోంది. కొన్నాళ్లుగా అన్నిటినీ అలాగే చూస్తోంది. "నా కళ్ల మధ్యలో మసక చేరింది, మార్తా. అంచులు కనిపిస్తాయి, మధ్యలో ఏమీ లేదు. డాక్టరు ఇక తగ్గదన్నాడు," అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది. చూపు పూర్తిగా పోకముందు ఒకసారి ఆ హోటల్లో, ఆ ఉల్లిపాయ గదిలో, పక్క వేసే మనిషిగా కాకుండా పక్క మీద పడుకునే మనిషిగా ఉండి రావాలట. తన మేనల్లుడు టిక్కెట్లు కొంటాడట, ఒంటరిగా మాత్రం పంపడట.

"చదువు రానిదాన్ని నేనేం తోడమ్మా?"

"చూపు లేనిదానికి చదువు రానిదే తోడు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

సునీత వినగానే, "ఇటలీయా? అమ్మా, నువ్వు సిటీ బస్సెక్కాలంటే నాకు మూడుసార్లు ఫోన్ చేస్తావు!" అంది. నాకూ అదే భయం. అయినా తలుపుల మీద చెట్ల పేర్లున్న హోటల్ ఎలా ఉంటుందో చూడాలని భయంకంటే ఎక్కువగా అనిపించింది. ఆ కుతూహలం ఆమె దగ్గర అంటుకున్నదే.

బొలోన్యా ఎండబోసిన మిరపకాయల రంగులో ఉంది. వీధి పొడుగునా మేడల కింద స్తంభాలూ కమానులూ. ఒక ఇంటి వసారా అయ్యేచోట ఇంకో ఇంటి వసారా మొదలవుతుంది. ఊరంతా కలిసి ఒకే వసారా కట్టుకున్నట్టుంది. వాన పడుతున్నా మా నెత్తిన చుక్క పడలేదు. నేను మాత్రం ఏమీ సరిగా చూడలేదు. అరిగిన రాళ్ల మీద లూచియమ్మ అడుగు జారకుండా ఆమె కాళ్లే చూస్తూ నడిచాను. హోటల్ ఒక ఇరుకు సందులో ఉంది. గుమ్మం కంటే కాస్త వెడల్పు, అంతే. లిఫ్టులో మా పెట్టె ఒక్కటే పట్టింది. కౌంటర్ దగ్గర అమ్మాయి ఇత్తడి తాళంచెవి ఇచ్చి, గది చూపించడానికి లేవబోయింది. లూచియమ్మ వాళ్ల భాషలో ఏదో అని ఆపేసింది. నా వైపు తిరిగి, "మార్తా చూపిస్తుంది," అంది.

పైన పొడుగాటి నడవ. రెండు వైపులా మూసిన తలుపులు. బొమ్మలున్నాయా అని అడిగింది. లేవు. ఎప్పుడో రంగు వేసినప్పుడు బొమ్మలు పోయి, పేర్లే మిగిలాయి.

"అయితే చదువు. తప్పు తలుపు తెరిస్తే ఎవరో తువ్వాలు చుట్టుకుని అరుస్తారు. నేను నీ వెనకే నక్కుతాను."

మొదటి తలుపు ముందు నిలబడి, నాకు తెలిసిన తప్పు పద్ధతిలోనే, ఒక్కో అక్షరం పలికాను. "లి... మో... నే."

ఇది కూడా తప్పేననుకున్నాను. "చివర ఉన్నది సైలెంటా అమ్మా?"

"ఇక్కడ ఏదీ సైలెంట్ కాదు," అంది లూచియమ్మ. "ఇంకోసారి చదువు."

లిమోనే. నిమ్మ. తర్వాత ఫికో, అంజూరం. ఆ తర్వాతది "సిలియెగియో" అంటే నవ్వి, "చిలియేజో" అని దిద్దింది. చెర్రీ. 'సి' అక్షరం పక్కన ఇ గాని, ఎ గాని ఉంటే 'చ' అవుతుందని అక్కడే నిలబెట్టి చెప్పింది. నడవలో ముందుకు పోతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అడిలైడ్‌లో అందరూ నవ్విన చదువు ఇక్కడ ఆ ఒక్కచోట తప్ప ఎక్కడా వంకర పోవడం లేదు. ఇంగ్లీషు చెబుతున్నాననుకుంటూ లూచియమ్మ ఇన్నాళ్లూ నాకు ఈ నడవనే నేర్పిందని అప్పుడర్థమైంది.

తర్వాతి తలుపు. "మె... లో..." దొరికిందనుకుని తాళంచెవి రంధ్రం దాకా తీసుకెళ్లాను. మళ్లీ పైకి చూశాను. పేరు అక్కడికి అయిపోయింది. "అమ్మా, ఇది మెలో దగ్గరే ఆగిపోయింది."

లూచియమ్మ గోడ పట్టుకుని నవ్వింది, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. "ఫాదర్ గారి గది! పడుకోనీ, లేపకు!"

నడవ చివర దొరికింది. చివరి అక్షరం దాకా చదివి, ఇంకోసారి చదివి, అప్పుడు చెప్పాను. "మెలోగ్రానో." ఆమె ముందుకొచ్చి తలుపు మీద అరచేయి ఆనించింది. బొమ్మ ఉండాల్సిన చోట కాసేపు తడిమింది. నేను తాళం తిప్పాను.

గది చిన్నది. రెండు మంచాలు, ఒక బీరువా, వీధి వైపు ఒక కిటికీ. మంచం మీద దుప్పటి మడతను వేళ్లతో పరీక్షించి, "మూలలు సరిగా దోపలేదు," అని గొణిగింది. సాయంత్రం వాన వెలిసింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. కింద చెంచాల చప్పుడు, సైకిళ్లు, చర్చి గంట. "మార్తా, ఎదురుగా రొట్టెల కొట్టు ఉందా? పక్కన చెప్పులు కుట్టే అతని కొట్టు? దారాలమ్మే కొట్టు ఉందా?"

నేను తొంగి చూశాను. కమానుల వెనక బోర్డులు పై నుంచి కనిపించలేదు. వచ్చేటప్పుడు ఆమె కాళ్లే చూశానాయె. "తెలీదమ్మా," అన్నాను.

"ఇంత దూరం వచ్చాను. నా వీధి ఉందో లేదో తెలియకుండానే వెళతానేమో," అంది. విసుగు లేకుండా, తనకు తాను చెప్పుకున్నట్టు అంది. ఆ మాట నాకు నిద్రలో కూడా వినిపించింది.

మర్నాడు పొద్దున్నే, ఆమె లేవకముందే, చీర మీద స్వెట్టర్ వేసుకుని మెట్లు దిగాను. ఎవరూ వెంట లేకుండా, ఎవరూ వేలు పెట్టి చూపించకుండా, నా జీవితంలో నేను ఒక తెలియని వీధిలోకి వెళ్లడం అదే మొదలు. వసారా కింద ఒక వైపు మొదలుపెట్టాను. ప్రతి బోర్డు దగ్గరా ఆగి, చివరి అక్షరం దాకా పైకే చదివాను. పాలు దించుతున్న ఒకతను నన్ను వింతగా చూస్తే అతనికీ ఒకటి చదివి వినిపించాను. అతను తలూపాడు. వీధి చివరి దాకా వెళ్లి, అటు వైపు వసారా కింద తిరిగొచ్చాను. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మంద కదిలేటప్పుడు బాతుల్ని ఎలా గుర్తు పెట్టుకునేదాన్నో, కొట్లనూ అలాగే వరసలో పెట్టుకున్నాను. ఆ వరస నాకు ఇప్పటికీ పోలేదు. కాఫీ పొంగేలోపు మనసులోనే వీధంతా ఒకసారి తిరిగొస్తాను.

పైకి వచ్చేసరికి లూచియమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. "ఎక్కడికి పోయావు?"

"మీ వీధికి," అని మొదలుపెట్టాను. "పానే."

"రొట్టెలు! అదే చోటా?"

"అదే చోట, మనకెదురుగా. తర్వాత ఫెర్రమెంతా. మేకులూ సుత్తులూ ఉన్నాయి. తర్వాత ఫియోరి, బయట బకెట్లలో పూలు. తర్వాత మెర్చెరియా."

"దారాల కొట్టు," అంది, కళ్లు మూసుకుని. "చెప్పులతను?"

"రొట్టెల కొట్టుకు రెండో పక్కన తెలెఫోని అని ఉంది. ఫోన్లు అమ్ముతున్నారు."

"పాపం," అంది. నేను అటు వైపు వరస కూడా చెప్పాను, మందుల కొట్టు, పుస్తకాల కొట్టు, మా హోటల్ గుమ్మం దాకా. ఒక్క మాట కూడా దిద్దలేదు. చెప్పడం అయ్యాక దుప్పటి మీద చేయి చాపి, నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకోసారి, మార్తా. మెల్లగా నడువు."

మంచం అంచున కూర్చుని, మళ్లీ రొట్టెల కొట్టు దగ్గర్నుంచి బయల్దేరాను.