పక్క డేరా

పురుషోత్తం అంకుల్ ఆ ఏడు సరస్సుకు తనంతట తానే రానన్నారని మా సొసైటీలో అందరూ చెబుతారు. మోకాళ్ల నొప్పులట, చలి పడదట. ఆయన పోయిన పదకొండో రోజున హాల్లో భోజనాలు చేస్తూ కూడా ఇదే చెప్పుకున్నారు. పప్పులో ఉప్పు తక్కువైందని ఎంత ధీమాగా అన్నారో, ఇదీ అంత ధీమాగా అన్నారు. నేను ఒప్పుకోను.

ఇవాళ పొద్దున కింద లాన్‌లో ఎవరిదో పెళ్లికి షామియానా వేస్తున్నారు. ఇనుప మేకు మీద సుత్తి పడే చప్పుడు, మంచుకు తడిసిన కాన్వాసు వాసన మా నాలుగో అంతస్తు దాకా వచ్చాయి. బాల్కనీలోకి వెళ్లి చూస్తే మేకులు నిటారుగా దిగ్గొడుతున్నారు. "భయ్యా, తిర్ఛా మారో, సీధా నహీ" అని, వాలుగా కొట్టమని కేకేశాను. వాళ్లు తలెత్తి చూసి నవ్వుకున్నారు. పై నుంచి మేకులకు సలహాలిచ్చే ఆడమనిషిని వాళ్లు ఎన్నడూ చూసి ఉండరు. నాకు ఆ పని నేర్పిన మనిషినీ చూసి ఉండరు.

ఆయనది నల్లగొండ వైపు. సర్వే శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరై, ఢిల్లీ ద్వారకలోని మా సొసైటీలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటులో ఒక్కరే ఉండేవారు. భార్య పోయి చాలాకాలమైంది, కొడుకు బెంగళూరులో ఉద్యోగం. సర్వీసంతా ఏడాదిలో ఎనిమిది నెలలు గుట్టల్లోనో ఎడారిలోనో డేరాల్లో గడిపిన మనిషి. మేమందరం టెంటు అంటే ఆయన డేరా అనేవారు. "గోడలున్న కాడ నాకు నిద్ర తక్కువమ్మా" అని ఒకసారి మామూలుగా చెప్పారు, టీలో చక్కెర తక్కువ వేయమన్నట్టు. ద్వారకలో గోడలు లేని చోటు ఎక్కడుంది? అందుకే ఏటా డిసెంబరులో మా తెలుగు కుటుంబాలన్నీ కలిసి సోహ్నా అవతల, ఆరావళి గుట్టల నడుమ ఉన్న పెద్ద సరస్సు ఒడ్డుకు వెళ్లి ఒక రాత్రి గడిపి వచ్చే ఆ క్యాంపింగ్ మాకు పిక్నిక్ అయితే, ఆయనకు ఏడాదికొక్కసారి దొరికే నిద్ర.

క్యాంపింగ్ పెత్తనం సుధాకర్‌ది. ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. క్వార్టర్లు కేటాయించినట్టే టెంట్లూ కేటాయించేవాడు. డైరెక్టరు గారి కుటుంబానికి నీళ్లకు ఎదురుగా, ఆ తర్వాత హోదా ప్రకారం వెనక్కి, వెనక్కి. జాబితా చివర్న నేనూ మా అమ్మాయి మేఘా, మా తర్వాత అంకుల్. మా ఆయన బదిలీ మీద గువాహటి వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని అప్పటికి రెండేళ్లు. నేను ఊరుకునే రకాన్ని కాదు. టెంటుకు పే లెవెలేమిటని మొదటి ఏడే గొడవపడి, డైరెక్టరు గారి పక్కనే నీళ్ల ఒడ్డున జాగా సాధించాను. నా గెలుపు చూసి సంతోషించనిది అంకుల్ ఒక్కరే.

"పల్లంల వద్దమ్మా. చలి గూడ నీళ్ల లెక్కనే కిందికి దిగుతది."

"చలికి కాళ్లుంటాయా అంకుల్?"

"లెవ్వు. అయినా వస్తది."

ఆయన గట్టు మీదికి పోయి, అక్కడ గొర్రెలు కాస్తున్న ముసలాయనను పోయిన వానాకాలంలో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో అడిగి, నాలుగు వైపులా నడిచి చూసి, అప్పుడు డేరా వేసుకున్నారు. తెల్లవారేసరికి మా దుప్పట్లు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. "మమ్మా, మేరే జూతే భీ గీలే హై" అని, బూట్లు కూడా తడిశాయని మేఘ ఏడుపు మొహం పెట్టింది. అంకుల్ రెండు స్టీలు గ్లాసుల్లో చాయ్ పట్టుకుని గట్టు దిగి వచ్చారు. గ్లాసులు ఇచ్చి నిలబడ్డారు.

"నేను ముందే చెప్పానని అనరేం?" అన్నాను.

"అంటే నువ్వు మళ్ల వాదిస్తవ్. చాయ్ సల్లగైతది."

మరుసటి ఏడు నుంచి మా టెంటు గట్టు మీదే, ఆయన డేరా పక్కనే. ఆయన తన దగ్గరున్న పాత కాన్వాసు డేరా ఒకటి నాకిచ్చారు. మేకు ఏ వాలున కొట్టాలి, గుమ్మం ఎటు పెట్టాలి అన్నీ ఆయన నేర్పినవే. సాయంత్రం నేను నూలు తాళ్లను బలంకొద్దీ లాగి కడుతుంటే వచ్చి ఒక్కొక్కటే వదులు చేసేవారు. "మంచు పడ్తె తాడు గుంజుకుంటది. ఇప్పుడే బిగ్గ కడ్తె పొద్దుగాల్లకు మేకు ఊడొస్తది." ఆయన తాడు గురించే చెప్పారు. అది నా గురించేమోనని నేను రెండు రోజులు ఉడుక్కున్నాను.

నా వాదన అడ్డు రాకుండా ఆఖరి దాకా విన్న మనిషి ఆయన ఒక్కరే. ఆఫీసులో నేను నోరు తెరిస్తే ఫోన్లు చూసుకుంటారు. ఇంట్లో మా ఆయన తలుపు వేసుకునేవాడు. మూడో ఏడు సరస్సు ఒడ్డున మేఘకూ నాకూ దాని చదువు మీద గొడవైంది. అది డిజైనింగ్ అంటుంది, నేను ఇంజనీరింగ్ అంటాను. గంటసేపు వాదించి, దానికి మాట లేకుండా చేశాను. అది లేచి పోయి నీళ్ల దగ్గర కూర్చుంది. అంకుల్ ఉల్లిపాయలు తరుగుతూ అంతా విన్నారు.

"గెలిచినవ్ గదా. ఇగ పో, పిల్లను అన్నానికి పిలువు" అన్నారు.

నేను పిలవలేదు. ఆయనే వెళ్లి పిలుచుకొచ్చారు. మేఘ ఇప్పుడు పుణేలో డిజైనింగే చదువుతోంది.

నాలుగో ఏడు ఆయన పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా నడకకు వెళ్లారు. గంట వెతికితే అవతలి ఒడ్డున బండ మీద కూర్చుని పక్షులను చూస్తూ దొరికారు. ఆయన నవ్వారు, మా వాళ్లు నవ్వలేదు. ఆ మరుసటి నవంబరులో సుధాకర్ అంకుల్ లేకుండా ఒక కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టాడు. "ఈసారి ఫ్యామిలీస్ మాత్రమే. సింగిల్స్‌ని తీసుకెళ్తే బాధ్యత మన మీద పడుతుంది. అభ్యంతరం ఉంటే చెప్పండి" అని రాశాడు. ఒకటొకటిగా బొటనవేళ్లు లేచాయి.

లిఫ్టు గురించి, పార్కింగు గురించి, గుడిలో మైకు గురించి కొట్లాడిన దాన్ని. నాలుగు వాక్యాలు టైపు చేశాను కూడా. అప్పుడు మేఘ గుర్తొచ్చింది. వచ్చే ఏడు అది పుణే వెళ్లిపోతే నేనూ సింగిలే. ఇవాళ నోరు తెరిస్తే రేపు ఆ రూలు ఎవరి మీదికి వస్తుందో లెక్క తేలికే. నాలుగు వాక్యాలూ చెరిపేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. నేనూ బొటనవేలు పెట్టాను.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు అంకుల్ మా ఇంటికి వచ్చారు. ఆ రోజు మా బ్లాకులో లిఫ్టు పనిచేయడం లేదు. చేతిలో గోనెపట్టాలో చుట్టిన పొడవాటి ఇనుప మేకులు.

"ఈయేడు వానలు బాగ పడ్డయి. గట్టు మెత్తగుంటది, నీ పొట్టి మేకులు ఆగవు. ఇవి తీస్కపో."

"మీరు రావడం లేదా అంకుల్?" అన్నాను. సిగ్గు లేకుండా, ఏమీ తెలియనట్టు అన్నాను.

ఆయన మేకుల చుట్ట నా చేతిలో పెట్టారు. "మోకాళ్లమ్మా" అన్నారు.

నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చిన మనిషి. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే, మెట్లెక్కినప్పుడు లేని నొప్పి చలిమంట దగ్గర కూర్చోడానికి వచ్చిందా అని నిలదీసేదాన్ని. "అలాగా, జాగ్రత్త అంకుల్" అన్నాను. ఆయన రెయిలింగు పట్టుకోకుండా మెట్లు దిగడం గుమ్మంలో నిలబడి చూశాను.

సరస్సు దగ్గర మా టెంటు పక్క ఖాళీ జాగాలో సుధాకర్ కారు పెట్టాడు. "అంకుల్ ఏమైనా ఫీలయ్యారా మేడమ్?" అని అడిగాడు. "లేదండీ, ఆయనే రానన్నారు. మోకాళ్ల నొప్పులట" అన్నాను. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పులిహోర వడ్డించుకున్నారు. పదకొండో రోజు భోజనాల్లో నేను విన్న కథ అక్కడ పుట్టింది. పుట్టించింది నేను.

తిరిగొచ్చాక సరస్సు ఎలా ఉందని ఆయన అడగలేదు. "మేకులు ఆగినయా?" అన్నారు. "ఆగాయి" అన్నాను. ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాం, ఎన్నో మాట్లాడుకున్నాం, ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. వానాకాలంలో ఒక పొద్దున పాలవాడు బెల్లు కొడితే ఆయన తలుపు తీయలేదు. కొడుకు వచ్చి రెండు రోజుల్లో ఫ్లాటు ఖాళీ చేశాడు.

ఈ డిసెంబరు జాబితాలో నా పేరు లేదు. ఎందుకని ఎవరినీ అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. మేఘ ఫోన్ చేస్తే మాత్రం దాని మాట పూర్తయ్యేదాకా ఆగుతున్నాను. అది అప్పుడప్పుడూ "హలో, మమ్మా, సున్ రహీ హో?" అంటూ వింటున్నానో లేదో అడుగుతుంది, లైను కట్టయిందనుకుని.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ రోజు అంకుల్ నాకు ఒక సాకు చేతికిచ్చి పోవడానికి వచ్చారా, లేక ప్రతిదానికీ వాదించే నేను ఆ ఒక్క మాటకు వాదిస్తానని, కాదు మీరు రావాల్సిందే అంటానని, నాలుగంతస్తులు ఎక్కి వచ్చారా?