సగంలో ఆగిన అప్‌గ్రేడు

శ్రీకాళహస్తి బస్టాండు దగ్గరి సందులో ఉమ్మే సల్మా శుభలేఖలు అచ్చువేస్తుంది. తెలుగూ ఉర్దూ రెండూ పందొమ్మిదేళ్లుగా తనే టైపు చేస్తోంది. పాత కంప్యూటరు మరీ మొరాయిస్తుంటే, నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే తమ్ముడు షాకిర్ ఒక ఆదివారం వచ్చి అందులో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు.

"వైరస్ బాధ ఉండదు ఆపా. వాడతా ఉంటే నీకే వస్తాది," అని చెప్పి సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.

మర్నాడు ప్రింటరు పలకలేదు. షాకిర్ ఫోనులో చెప్పిన కమాండు వరుసను సల్మా టైపు చేసింది. పాస్‌వర్డ్ అడిగింది. ఎన్ని మీటలు నొక్కినా తెరమీద ఒక్క చుక్కా పడలేదు. కీబోర్డు పాడైందనుకుని కొత్తది తెప్పించింది. దానితోనూ అంతే.

"అది కనపడదు ఆపా, కనపడకుండానే తీసుకుంటాది," అని షాకిర్ నవ్వాడు.

"ఆ ముక్క ముందే చెప్పేదానికి నీకేం నొప్పి?"

రెండు రోజులు వాడి ఫోను ఎత్తలేదు.

ప్రింటరు పలికింది గానీ, పాత ఫైళ్లు తెరిస్తే పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట బ్రాకెట్లూ ప్రశ్నార్థకాలూ కనిపించాయి. పాత ఫాంట్లు ఇందులో లేవు. పందొమ్మిదేళ్ల పని చెత్తకుప్పలా కనబడింది. కావలసిన కార్డులను ఒక్కొక్కటే మళ్లీ టైపు చేసుకుంది. కొత్త ఫాంట్లకు మీటల అమరిక వేరు; వేళ్లు పాత అలవాటు మీద పోయేవి. తప్పు పడ్డ ప్రతిసారీ ఆ యంత్రం మీద ఏవగింపు పెరిగేది.

ఆరు నెలలకు కొత్త వెర్షను వచ్చిందని తెర చెప్పింది. దాంతోనైనా దారికొస్తుందేమోనని సరే నొక్కింది. పని ఎంతయిందో చూపే గీత సగం దాకా పోయి ఆగింది. రెండు గంటలు చూసి ప్లగ్ పీకేసింది. మళ్లీ పెడితే నల్లటి తెర, తెల్లటి అక్షరాలు.

అప్పుడే మునిప్రసాద్ కూతురి పెళ్లికార్డు కోసం వచ్చాడు.

"ఏమ్మా, యాడుండాది మా కార్డు?"

"దీని కడుపులో ఉండాదన్నా. బయటికి రాలేదు."

"రేపే పిలుపులకు తిరుపతికి పోవాల గదా."

సల్మా అతని ఎదుటే పక్క వీధి ప్రెస్సుకు ఫోను చేసి, అతను రాసిచ్చిన కాగితంలోని వివరాలన్నీ తనే చదివి చెప్పి, అక్కడ వేయించమంది. అతను వెళ్లాక తనమీద తనకే రోత పుట్టింది.

తెరమీది మాటలు ఫోనులో వెతికింది. లినక్స్ వాడేవాళ్లు ప్రశ్నలడిగే ఒక సైటులో ఇదే బాధ నాలుగేళ్ల కిందట ఎవరో అడిగి ఉన్నారు. కింద ఒకడు, "ముందే అడిగారు, వెతకండి." ఇంకొకడు, "పుస్తకం చదవండి." చివర అడిగినవాడే, "బాగైంది, థ్యాంక్స్." ఎలా బాగైందో చెప్పలేదు. వాడు ఎదురుగా ఉంటే మొహాన ఉమ్మేసేది.

వెతగ్గా వెతగ్గా ఇంకోచోట ఒక్క వరుస దొరికింది. ఆగినచోటి నుంచి పని పూర్తి చేయమనే వరుస అది. కొట్టింది. కదిలి, ఒక ప్రశ్న దగ్గర నిలిచింది: పాత సెట్టింగు ఉంచాలా, మార్చాలా? ఇందాక కూడా అది ఆగిపోలేదు. కనపడని చోట ఈ ప్రశ్నే అడిగి, జవాబు కోసం కూర్చుంది. సల్మా పళ్లు కొరుక్కుంటూ 'ఉంచు' అని నొక్కింది. పావుగంటకు కంప్యూటరు లేచింది.

సంతోషం కలగలేదు. కాలువ పూడిక తీసి చేతులు కడుక్కున్నట్టుంది. అయినా ఆ నాలుగేళ్ల నాటి ప్రశ్న కింద, తనకొచ్చిన ఇంగ్లీషులో, ఏం చేయాలో వరసగా రాసి పెట్టింది.

"ఇప్పుడు బాగుండాదా ఆపా?" అని షాకిర్ అడిగాడు.

"బాగలేదు. పనిజేస్తా ఉండాది," అని ఫోను పెట్టేసి, గూడూరు నిమ్మకాయల వ్యాపారి లెటర్‌హెడ్ తెరిచింది.