తియ్యటి సీసా తెచ్చిన తలనొప్పి

గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టర్‌లో ఉన్న రోజుల్లో, ఎనభైల చివర్లో, మా ఆయనకు సారా మాన్పించడానికి నేనే ఒక ఒప్పందం పెట్టాను. సారా దుకాణం గడప తొక్కకూడదు. వారానికి ఒక్కసారి ఇంట్లో, నా కళ్ల ముందు, ఎర్ర వైను తాగొచ్చు. సీసా కూడా నేనే తెస్తాను. ఆయన్ని పంపితే దారిలోనే సగం అయిపోతుంది.

కూరగాయల సంచి పట్టుకుని పట్టపగలే వైన్ షాపుకు వెళ్లాను. మొగుణ్ని వెతుక్కుంటూ వచ్చాననుకుని మగవాళ్లంతా పక్కకు జరిగారు.

"తియ్యటిది కావాల్నా అక్కా, వగరుదా?" అన్నాడు షాపతను.

"రెండిటి ధర ఒక్కటేనా?"

"ఒక్కటే."

"మరి గదే ధరకు చక్కెర గూడ వస్తుంటే వగరుది ఎవడు కొంటడు?"

నేను చదివింది మూడో తరగతి. సీసా మీద ఇంగ్లీషు నాకు రాదు. వెలుగుకు ఎత్తి చూసి, తియ్యటివాటిలో బాగా ఎర్రగా ఉన్నది ఏరుకున్నాను.

ఆదివారం సాయంత్రం ఆయన దాన్ని కల్లు తాగినట్టే తాగాడు. అన్నం ముట్టకముందే, గటగటా మూడు గ్లాసులు. తియ్యటిదే కదా, ఏం చేస్తుందిలే అని నేనూ ఊరుకున్నాను.

సోమవారం మొదటి షిఫ్టు. తల పగిలిపోతున్నా, నాగా పెడితే నేను ఊరుకోనని డ్యూటీకి పోయాడు. గనిలోకి దిగిన గంటకే నుదురు పట్టుకుని కూలబడ్డాడట. గని లోపల తలనొప్పి అంటే మామూలు మాట కాదు. గాలి చెడితే ముందు తలకే తెలుస్తుంది. లోపల గాలీ, పైకప్పూ చూసే సర్దార్ వెంటనే పని ఆపించి, మా ఆయనతో సహా జట్టులోని ఎనిమిది మందినీ పైకి పంపాడు. తర్వాత, గాలి చెడితే మంటలో తేడా చూపే దీపం పట్టుకుని మూలమూలా వెతికాడు. గాలి శుభ్రంగానే ఉంది.

మధ్యాహ్నం ఆ సర్దారే మా ఇంటికొచ్చాడు. మా వెనక వరుసలో ఉండే ముస్లిం పెద్దమనిషి, మందు ముట్టడు. మా ఆయన ముసుగు తన్ని పడుకునే ఉన్నాడు.

"చెల్లె, దోషం ఏడుందో తెల్వకుంటే రేపు మనుషుల్ని లోపలికి ఎట్ల పంపాలె? ఈన నిన్న ఏం తిన్నడు?"

నిజం చెబితే మా ఆయన డ్యూటీ పోవచ్చు. చెప్పకపోతే ఎనిమిది మంది ప్రాణాలతో ఆట. బియ్యం డబ్బా వెనక నుంచి సీసా తీసి ముందు పెట్టాను.

"దోషం గాలిది గాదన్నా, దీనిది. కొన్నది నేను. రాస్తే నా పేరు గూడ రాయి."

సర్దార్ సీసాను ముట్టకుండానే వంగి చూసి నవ్వాడు. "నా షిఫ్టుల నీ పేరు లేదు గద చెల్లె! గీ ఒక్కసారికి ఇడిచిపెడుత. తాగిన తెల్లారి బొగ్గుబాయిల దిగితే మాత్రం నేనే ఎల్లగొడుత."

"సరే సాబ్," అంది ముసుగు.

అప్పటి నుంచి తాగడం శనివారానికి మార్చాను, ఆదివారం సెలవు కాబట్టి. ముందు కడుపునిండా అన్నం, తర్వాత ఒకే చిన్న గ్లాసు, పక్కన చెంబెడు నీళ్లు. చెంబు ఖాళీ అయితేనే లేవాలి. సీసా కూడా వగరుదే తెచ్చాను.

"ఇది మందా, కషాయమా?" అని ముఖం ముడిచాడు.

"అందుకే మెల్లగ తాగుతవు."

ఆయనతో పైకి వచ్చిన ఏడుగురూ చాలాకాలం నన్ను ఏడిపించారు. "వదినె, గా తియ్యటిది ఇంకొక్కటి తేరాదు, ఇంకో పూట పైన కూసుంటం!"

సర్దార్ మాత్రం ప్రతి సోమవారం గని దగ్గర మా ఆయన్ని ఆపి, "తల ఎట్లుంది?" అని అడిగేవాడు. ఈయన తల అటూ ఇటూ గట్టిగా ఊపి చూపించాకే లోపలికి దిగనిచ్చేవాడు.