మా ఉస్తాద్ చెవులు

మా ఉస్తాద్ పోయిన సంగతి నాకు బడిలో తెలిసింది. పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆయన భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. "మీ ఉస్తాద్ పోయిండు టీచరమ్మా" అంది. పొద్దున్నే దుకాణం తెరిచి, ఎవరిదో బండికి స్టాండు వేసి, దాని పక్కన పీట మీద కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదట. గుండె ఆగిపోయింది.

పిల్లలను పక్క తరగతి టీచరుకు అప్పజెప్పి, రుద్రూర్ నుంచి నిజామాబాద్‌కు బండి మీద బయలుదేరాను. ఆ తొందరలోనూ చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకునే కదిలాను. పెట్టుకోకుండా వచ్చానని తెలిస్తే ఆయన తిట్టేవాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ క్షమాగుణాన్ని పొగడడం మామూలు. మా ఉస్తాద్ మంచివాడు. నవ్వించేవాడు, అన్నం వేళకు ఎవరొచ్చినా టిఫిను డబ్బా ముందుకు జరిపేవాడు. కానీ ఒక మనిషిని ఆయన క్షమించలేదు. నేనూ క్షమించలేదు. ఆ మనిషి ఈ జిల్లాలోనే ఉన్నాడు, రోజూ పేపరు చదువుతాడు. పేపరుకు రాస్తున్న ఈ మాటలు ఆ మనిషి కంటపడాలన్న కోరిక నాకుంది. దాచుకోను.

ఉస్తాద్‌ది నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద బైకు మెకానిక్ దుకాణం. బోర్డు కూడా ఉండేది కాదు. పదకొండేళ్ళ కింద రుద్రూర్ దగ్గరి బడిలో నాకు పోస్టింగు వచ్చినప్పుడు సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ ఒకటి కొనుక్కుని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. స్కూటీ కొనుక్కోలేదేమని అందరూ అడిగారు. ఆయన అడగలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని కొనను ఇంజనుకు ఆనించి, పిడిని కుడిచెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు గుండె చూసినట్టే ఉంది. కాసేపటికి లేచి, "అమ్మినోడు నీకు అబద్ధం చెప్పిండు. బండి చెప్పలె. రెండు దినాలు ఇడిసిపెట్టిపో" అన్నాడు.

ఆ చెవులే ఆయన బతుకు. బాన్సువాడ నుంచి, బాల్కొండ నుంచి కూడా బండ్లు వచ్చేవి. ఇంకెక్కడా పట్టుబడని చప్పుడును ఆయన పట్టుకునేవాడు. దూరంగా వస్తున్న బండిని చూడకుండానే, అది ఎవరిదో, దాని చైను ఎంత సాగిందో చెప్పేవాడు.

బడికి వెళ్ళడం మొదలుపెట్టిన నెలకు నా తల లోపల ఒకటే హోరు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా గాలి మోత ఆగేది కాదు. పిల్లలు మెల్లగా చెప్పేవి వినపడక అరుస్తున్నాను. ఆ మాట ఆయనతో అంటే, జేబులోంచి చిన్న డబ్బీ తీశాడు. అందులో రెండు నారింజ రంగు ప్లగ్గులు, స్పాంజి ముక్కల్లా మెత్తగా ఉన్నాయి. "హెల్మెట్ పెట్టుకుంటే గాలి ఆగుతదనుకుంటరు. గాలి లోపటికే జొర్రి మొత్తుకుంటది. గాలి చెవులను పూరాగ తినేస్తది టీచరమ్మా, జర జరంత తింటది, తెల్వనియ్యది" అన్నాడు. వయసులో ఉన్నప్పుడు నిజాంసాగర్ కాలువల పొంటి ఊళ్ళన్నీ తిరిగి బండ్లు బాగుచేసేవాడట. అట్లా తిరిగి తిరిగి ఎడమచెవి సగం పోయింది. మిగిలిన చెవిని దాచుకోమని డాక్టరు చెప్పినప్పటి నుంచీ బండి ఎక్కితే ప్లగ్గులు పెట్టుకునేవాడు.

నాకు భయం. వెనక లారీ హారన్ వినపడకపోతే ఎట్లా అన్నాను. ఆయన వాదించలేదు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని జానకంపేట దాకా తీసుకెళ్ళాడు, ప్లగ్గులు లేకుండా. వచ్చేటప్పుడు ప్లగ్గును వేళ్ళ మధ్య సన్నగా నలిపి, చెవిని పైకి లాగి ఎలా పెట్టుకోవాలో చూపించి, మళ్ళీ అదే వేగంతో తీసుకొచ్చాడు. గాలి హోరు తగ్గిపోయింది. ఆ హోరు కింద ఇన్నాళ్ళూ మునిగిపోయిన చప్పుళ్ళన్నీ పైకి తేలాయి. వెనక బస్సు, పక్కన ఆటో, ఎక్కడో లారీ హారన్, అన్నీ వేటికవే వినపడ్డాయి. ఆ రోజు నుంచి నేను ప్లగ్గులు లేకుండా బండి ఎక్కలేదు. ఈ వయసులో నా తరగతిలో చివరి బెంచీ గుసగుస నాకు వినపడుతోందంటే అది ఆయన పెట్టిన భిక్ష.

ఇప్పుడు మేము క్షమించని ఆ మనిషి గురించి చెప్పాలి. ఆయనకో ఫంక్షన్ హాలుంది. అందరూ సేటు అంటారు. వార్డు కౌన్సిలరుగా నిలబడాలని ఈ సంగతి జరిగే నాటికే ఫ్లెక్సీలు కట్టించుకుంటున్నాడు.

మూడేళ్ళ కింద, చెరుకు కొట్టే కాలంలో, ఉస్తాద్ ఒక రైతు బండి బాగుచేసి రుద్రూర్ వైపు నుంచి తిరిగి వస్తున్నాడు. ఎదురుగా చెరుకు ట్రాక్టరు వస్తోంది. సేటు తన కారుతో ఆ ట్రాక్టరును దాటబోయి, ఇటువైపు రోడ్డులోకి వచ్చి ఉస్తాద్‌ను గుద్దాడు. ఆయన ఎగిరి కాలువ గట్టు మీద పడ్డాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. జనం పోగయ్యారు. సేటు చేసిన పని ఏమిటో తెలుసా? పడ్డ మనిషికి నీళ్ళు తాగించలేదు. హెల్మెట్ తీసి, చెవిలోంచి ప్లగ్గు పీకి, రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. "చెవులల్ల బిరడాలు పెట్టుకుని నడుపుతుండు. నేను హారన్ మీద హారన్ కొట్టిన. ఈ చెవిటోనికి ఎట్ల ఇనవడ్తది?" అన్నాడు. ఎవరో వీడియో తీశారు.

ఆ వీడియో సాయంత్రానికి జిల్లా అంతా తిరిగింది. రెండో రోజుకు ప్లగ్గులు ఇయర్ ఫోన్లు అయ్యాయి, మూడో రోజుకు ఆయన పాటలు వింటూ వచ్చి కారుకు అడ్డం పడ్డాడని అయింది. తప్పు ఆయనదేనని అందరూ తీర్పు చెప్పేశారు. ఆసుపత్రి మంచం మీద ఆయన కాలు గురించి ఒక్కసారి కూడా ఏడవలేదు. "చెవిటోడు" అన్న మాట దగ్గర మాత్రం గోడవైపు తిరిగాడు. చెవులతో బతికే మనిషిని చెవిటివాడన్నారు. బండ్లు రావడం తగ్గింది. దుకాణం ముందు నుంచి పోతూ కొందరు కావాలని హారన్ కొట్టి నవ్వేవాళ్ళు.

ఆ నవ్వులు విన్నాక నాలో ఏదో గడ్డకట్టింది. సేటు ఫ్లెక్సీ కింది నుంచి రోజూ బడికి పోయేదాన్ని. దండం పెడుతున్న ఆ చేతులను చూస్తే, ప్లగ్గును ఎత్తి చూపించిన ఆ రెండు వేళ్ళే కనపడేవి. ఆ వేళ్ళు ముడుచుకునేలా చెయ్యాలి అనుకున్నాను. న్యాయం అన్న పెద్ద మాట నాకప్పుడు గుర్తు రాలేదు. కసి, అంతే.

"ఆయన హారన్ కొట్టలె టీచరమ్మా. కొడితే నేను పక్కకు దిగకపోదునా?" అని ఉస్తాద్ మొదటి రోజు నుంచీ చెబుతున్నాడు. అయితే అక్కడ ఏ హారనూ మోగలేదని చెప్పగలిగేవాళ్ళు ఇంకొకరు ఉండాలి. ఆ ట్రాక్టరు నడిపిన రైతును వెతికాను. ఆయన కోస్తా నుంచి వచ్చి బోధన్ పక్కన కాలువ కింద భూమి చేసుకుంటున్న కుటుంబం వాడు, పెద్దాయన. నాలుగు ఆదివారాలు వాళ్ళ పొలానికి వెళ్ళాను. నాలుగుసార్లూ మజ్జిగ ఇచ్చి పంపించారు. తనకేమీ గుర్తులేదన్నాడు. ఊళ్ళో అందరితో పనులుంటాయి, మమ్మల్ని ఇందులోకి లాగొద్దన్నాడు.

ఐదో ఆదివారం ఉస్తాద్‌ను నా బండి వెనక కూర్చోబెట్టుకుని, ఊతకర్రను బండికి కట్టి తీసుకెళ్ళాను. ఉస్తాద్ సాక్ష్యం సంగతి ఎత్తనే లేదు. పొలంలో డీజిలు ఇంజను ఆడుతోంది. దూరం నుంచే విని, దాన్ని ఆపమన్నాడు, లోపల బేరింగు పోతోంది, ఇంకో వారం నడిపితే ఇంజనే పోతుందన్నాడు. విప్పి చూస్తే ఆయన చెప్పినట్టే ఉంది. గట్టు మీద విరిగిన కాలు చాపుకుని కూర్చుని పాత బేరింగు ఊడదీశాడు. పెద్దాయన చూపు ఆ కాలి మీదే ఉంది. తరువాత నా దగ్గరికి వచ్చి, తల దించుకుని చెప్పాడు: "ఆ రోజు హారన్ కొట్టలేదమ్మా. కొడితే ముందు నాకే వినపడేది. ఆ కారాయన ఫోనులో మాట్లాడుకుంటా నన్ను దాటాడు. ఎక్కడికొచ్చి చెప్పమంటే అక్కడికొచ్చి చెబుతాను."

పోలీసుల దగ్గరికి వచ్చి చెప్పాడు కూడా. ప్రమాదం కేసు సేటు మీదికి మలుపు తిరిగింది. వార్డు ఎన్నిక దగ్గర పడింది, తల మీద కేసుంటే పార్టీ టికెట్ రాదు. అప్పుడు సేటు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాజీకి దుకాణానికి వచ్చాడు. ఆదివారం మిట్ట మధ్యాహ్నం. నేనూ అక్కడే ఉన్నాను. చాయ్ హోటలు జనమంతా లేచి రోడ్డు మీదికి వచ్చారు. ఉస్తాద్ పీట మీదనే కూర్చుని, వాళ్ళు చెప్పిందంతా విన్నాడు. తరువాత జేబులోంచి డబ్బీ తీసి, కొత్త ప్లగ్గుల జత సేటు చేతిలో పెట్టాడు.

"ఇవి చెవులల్ల పెట్టుకో. అటు మర్రి నిలవడు" అన్నాడు, రోడ్డుకు వీపు తిప్పి నిలబడమని చేత్తో చూపిస్తూ.

పెద్దమనుషులు పెట్టుకోమన్నారు. రాజీ కుదిరితే చాలని వాళ్ళ తొందర. సేటు పెట్టుకున్నాడు. ఉస్తాద్ సైగ చేస్తే నేను బండి తీసి రోడ్డు మలుపు దాకా వెళ్ళి, తిరిగి వస్తూ హారన్ కొట్టాను. సేటు ఉలిక్కిపడి పక్కకు దూకాడు. ఎవరూ నవ్వలేదు. రెండోసారి ఇంకా దూరం నుంచి కొట్టాను. అప్పుడూ తిరిగి చూశాడు. మూడోసారి కొట్టాల్సిన పని లేదు. కానీ నేను కొట్టాను. ఆ మనిషి మళ్ళీ ఉలిక్కిపడడం నా కళ్ళతో చూడాలని కొట్టాను.

ఉస్తాద్ సేటు చెవిలోంచి ప్లగ్గు తనే తీశాడు. "ఇనవడ్డదా సేటూ?"

"ఇనవడ్డది."

"మంచిది. పో."

పెద్దమనుషుల్లో ఒకాయన రాజీ కాగితం ముందుకు జరిపాడు. ఉస్తాద్ దాన్ని చూడనైనా చూడలేదు. "రాజీ చేసుకుంటనని నేనెప్పుడన్న? ఇనవడ్తదా లేదా చూద్దామన్న, గంతే" అన్నాడు.

ఈసారీ ఎవరో వీడియో తీశారు. ఆ వీడియో మొదటి దానికంటే వేగంగా తిరిగింది. సేటుకు టికెట్ రాలేదు. కోర్టులో తప్పు సేటుదేనని తేలింది. ఫ్లెక్సీలు దించేసిన రోజు నేను మిఠాయి పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ఉస్తాద్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "కాలు మాత్రం రాలె" అన్నాడు. ఆ ఒక్కమాటే అన్నాడు. మళ్ళీ ఆయన సొంతంగా బండి నడపలేదు.

బండ్లు మాత్రం తిరిగి వచ్చాయి. చివరి రెండేళ్ళూ ఆయన పీట మీద కూర్చుని వింటూ చెబుతుంటే వేరే మెకానిక్కులు వచ్చి పని చేసేవాళ్ళు. సెలవు రోజుల్లో నా వెనక ఎక్కి నిజాంసాగర్ కట్ట దాకా వచ్చేవాడు. నేను గేరు ఆలస్యంగా మారిస్తే వీపు మీద వేలితో పొడిచేవాడు. ఒకసారి అడిగాను, సేటును ఇప్పటికైనా మాఫ్ చేశావా అని. "కాలిరగ్గొట్టిందానికి చేసిన. అబద్ధమాడిందానికి చెయ్య. నేను పోయినంక నువ్వు గూడ చెయ్యకు" అన్నాడు.

ఆయన పోయిన రోజు నేను బడి నుంచి వెళ్ళేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. గల్లీ నిండా మెకానిక్కులు, వాళ్ళ చేతులకు నూనె మరకలు అలాగే ఉన్నాయి. కాలువ కింది పెద్దాయన కోడలిని తీసుకుని వచ్చి ఓ మూల నిలబడ్డాడు. ఇంతలో గల్లీ మొదట్లో కారు ఆగింది. సేటు దిగాడు. చేతిలో పెద్ద బంతిపూల దండ. ఎవరో అక్క చెవిలో చెప్పారు. ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. నేను వద్దన్నట్టు తల ఊపాను. అక్క కళ్ళు తుడుచుకుని, అందరికీ వినపడేలా అంది: "ఆయన మాఫ్ చెయ్యలె. చేసెటందుకు నేనెవలను?"

ఎవరూ సేటును తిట్టలేదు, తొయ్యలేదు, పక్కకు జరిగి దారీ ఇవ్వలేదు. డప్పులతో పాడె లేచింది. ఆయన పక్క నుంచే సాగిపోయింది. వెనక నడుస్తున్న నేను తిరిగి చూశాను. ఎండలో, ఖాళీ అయిపోయిన గల్లీలో, ఆ మనిషి దండను రెండు చేతులా ముందుకు చాచుకుని నిలబడి ఉన్నాడు, వేసేందుకు ఎవరూ లేక.