తోంగ్‌పాల్ దాకా ఒక బుర్ర కల్లు

ఇప్పుడు మా వైపు పిల్లనడగడానికి పోయేవాళ్లు బీరు పెట్టెలు బండికి కట్టుకుని పోతున్నారు. కోంటాలో కొన్నా, సుక్మాలో కొన్నా, జగదల్‌పూర్‌లో కొన్నా దానిది ఒకటే రుచి. పిల్ల తండ్రి తాగి మీసం తుడుచుకుంటాడే గానీ ఇది ఏ నేలదని అడగడు, అడిగినా చెప్పగలిగినవాడు లేడు. నేను పెళ్లికొడుకుగా పోయిన రోజులు వేరు. మరీ పాత రోజులేమీ కావు లెండి, మా చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి, ఫోన్లలోకి సిగ్నలే ఇంకా రాలేదు. ఆ రోజుల్లో పిల్లనడగాలంటే పిల్లవాడి ఇంటి చెట్టు కల్లు వెంట పోవాలి. పిల్ల తరఫు పెద్దలు దాన్ని ఒక గుక్క నోట్లో పోసుకుని, నాలుక మీద తిప్పి, ఆ ఇంటి నేల ఎట్లాంటిదో, నీళ్లు ఎట్లాంటివో, ఆ నీళ్లు తాగి పెరిగినవాడు ఎట్లాంటివాడో తేల్చేవారు. జాతకాలు చూసేవాళ్లను చూసి నవ్వుకునే మేము దీన్ని మాత్రం గట్టిగా నమ్మేవాళ్లం. (ఇప్పటికీ సగం నమ్ముతాను, ఎందుకో మీకే తెలుస్తుంది.)

మా ఊరు కిష్టారానికి దగ్గర. ఊరి పక్కనే వాగు, ఆ వాగు ఒడ్డున మెత్తటి ఒండ్రుమట్టిలో తాటిలా కల్లిచ్చే మా జీలుగు చెట్టు. హల్బీ, హిందీ మాట్లాడేవాళ్లు దాన్నే సల్ఫీ అంటారు. దాని కల్లు పొద్దున్నే దించి తాగితే కొబ్బరినీళ్లంత తీయగా, చల్లగా ఉండేది. అది మా అయ్య చెట్టు. మా అమ్మ మీద ఎవరైనా ఏమన్నా అంటే అయ్య ఊరుకునేవాడేమో గానీ ఆ చెట్టును అంటే ఊరుకునేవాడు కాదు. అయ్య అవసరమైతే ఎవరితోనైనా అబద్ధమాడగలడు. ఫారెస్టు గార్డు ఎదురుగా నిలబడి, భుజం మీదున్న వెదురుబొంగును చూపించి "నాది గాదు" అనగలిగిన మనిషి. కల్లు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన నోరు ఆయన మాటే వినేది కాదు. సొంత చెల్లెలి పెళ్లిలో వియ్యాలవారి కల్లు తాగి "కుండ కడిగిన నీళ్లు పోసిన్రా ఏంది?" అని అడిగితే, ఆ మాటకు మా మేనత్త చాలాకాలం పుట్టింటికి రాలేకపోయింది.

అట్లాంటి అయ్యను వెంటబెట్టుకుని నేను పిల్లనడగడానికి పోవాల్సి వచ్చింది. పిల్ల సుక్మాలో నర్సు శిక్షణలో ఉండేది, నేను అక్కడే పంతులు శిక్షణలో ఉన్నాను. ఆమె నన్ను ఎందుకు ఇష్టపడిందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అడిగితే "నర్సుకు జాలి ఉండాలె గదా" అంటుంది. వాళ్లూ మా దొర్ల తెగవాళ్లే. ఆమె తండ్రి అడవి శాఖలో వాచరు ఉద్యోగం మీద తోంగ్‌పాల్ వైపు ఎత్తు నేలకు పోయి, అక్కడే ఇల్లు కట్టుకుని, ఎర్రమట్టి బండల మధ్య ఉన్న జీలుగు చెట్టును కన్నబిడ్డలా సాకుతున్నాడట. కొత్తగా మతంలో కలిసినవాళ్లకు భక్తి ఎక్కువన్నట్టు, ఆయనకు ఎత్తు నేల కల్లే కల్లు, కింది నేల కల్లు కల్లే కాదు. అంతకుముందు జగర్గుండా వైపు నుంచి వచ్చిన సంబంధాన్ని, వాళ్ల కల్లు ఒక్క గుక్క నోట్లో పోసుకుని, ఉమ్మేసి, "మీ బస్సు ఉన్నదా పోయిందా?" అని అడిగి పంపించాడట. ఈ సంగతి ఆమే నాకు చెప్పింది. "మా నాయన ఒకసారి కాదంటే ఇంక అడగొద్దు, ఆయన మాట కాదని నేను రాలేను" అని కూడా చెప్పింది. అంటే నా బతుకంతా ఒక గుక్క కల్లు మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇక్కడ మా వాళ్లు చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. ఆ ఆచారం పెట్టినవాళ్లు నడిచి పోయేంత దూరంలో పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్లు. పొద్దున దించిన కల్లు ఎండెక్కక ముందే పిల్ల ఇంటికి చేరేది. మా వంశంలో బస్సెక్కి పోయి పిల్లనడిగిన మొదటివాణ్ణి నేనే. జీలుగు కల్లు ఎండలో ఎంత తొందరగా పులుస్తుందో మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. అయినా "చుట్టాల ఊర్ల కొన్న కల్లు పట్టుకపోతే మన నేల సంగతి వాళ్లకెట్ల తెలుస్తది?" అన్నాడు అయ్య. ఫాల్గుణ మాసం ఎండల్లో, తెల్లవారగానే దించిన కల్లును ఎండిన సొరబుర్రలో పోసి, మూతికి ఆకులు చుట్టి కుక్కి, నా ఒళ్లో పెట్టారు. అయ్య, చిన్నాయన, నేను ఒకే బండి మీద ముగ్గురం కోంటా దాకా ఊగుతూ పోయాం. ఆ కుదుపులకే కల్లుకు సగం ప్రాణం వచ్చేసింది.

కోంటాలో బస్సెక్కి కూర్చోగానే ఆకుల మూత దానంతట అదే పైకి లేచింది. అయ్య ముందు సీట్లో ఎవరో పరిచయస్తుడికి మా వాగు ఒండ్రు గురించి చెబుతున్నాడు. పక్కనున్న చిన్నాయన "పొంగు తీసెయ్యిరా, లేకుంటే బుర్ర పగులుతది" అన్నాడు. ఎట్లా తీయాలి? కింద పారబోస్తే బస్సంతా కల్లు, పైగా పారబోయడానికి చేతులొస్తాయా? ఒక గుక్క తాగాను. తాగేముందు పోయిన పెద్దలకని నాలుగు చుక్కలు నేల మీద వదలడం మా అలవాటు. బస్సులో నేల ఎక్కడిది, ఆ నాలుగు చుక్కలూ పక్క సీట్లో ఉన్న ఎవరో ఆఫీసు బడాబాబు నల్ల బూట్ల మీద పడ్డాయి. "అరే భాయ్, ఏ క్యా హై?" అని ఆయన అరిచాడు. "పూర్వజ్‌కే లియే, సాబ్" అన్నాడు చిన్నాయన చేతులు జోడించి. మా పూర్వీకులతో పేచీ ఎందుకనుకున్నాడో ఏమో, ఆయన కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకుని సుక్మా దాకా అట్లాగే కూర్చున్నాడు.

ఎర్రబోర్ దగ్గర మళ్లీ పొంగింది, మళ్లీ తాగాను. దోర్నాపాల్‌లో బస్సు ఎంతకీ కదల్లేదు, రేకుల పైకప్పు కింద మేమూ కల్లూ కలిసి ఉడికాం, అక్కడ రెండుసార్లు తాగాల్సి వచ్చింది. సుక్మా దాటాక పొంగకపోయినా ముందుజాగ్రత్తగా తాగాను. నన్ను నమ్మండి, అంతా సదుద్దేశంతో చేసిన పనే. అప్పుడు నాకొక సంగతి తట్టింది. అదే చెట్టు, అదే బుర్ర, అయినా ఊరు మారేకొద్దీ రుచి మారిపోతోంది. కల్లును చెట్టొక్కటే చేయదు, పైన కాసే ఎండా చేస్తుంది, పట్టిన పొద్దూ చేస్తుంది. ఇంత గొప్ప విషయం కనిపెట్టినందుకు నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. (కల్లే అయ్యుంటుంది.) తోంగ్‌పాల్‌లో దిగేసరికి రోడ్డు నా కాళ్ల కింద కాస్త వాలుగా ఉంది.

పిల్ల ఇంటి వాకిట్లో మంచాలు వేసి పెద్దలు కూర్చున్నారు. అయ్య నా చేతుల్లోంచి బుర్ర అందుకుని ఒకసారి ఊపి చూశాడు. "ఏందిరా, సగమే ఉన్నది?" అన్నాడు. "పొంగిపోయింది" అన్నాడు చిన్నాయన. ఎక్కడికి పొంగిపోయిందో నా మొహం చూసిన ఎవరికీ అడగాల్సిన పని లేకపోయింది. పెద్దల కంటే ముందు పెళ్లికొడుకు తాగడం మా వాళ్లలో చిన్న తప్పు కాదు. పిల్ల తండ్రి మాత్రం ఆకుదొప్ప పట్టి పోయించుకుని నోట్లో పోసుకున్నాడు. ఉమ్మలేదు. మింగడానికి చాలాసేపు పట్టింది, అంతే.

"ఇది కల్లా, పులుసా?" అన్నాడు.

"పొద్దుగాల తాగితే తెలుస్తది పెద్దమనిషీ, తేనెనే. మాది వాగు ఒడ్డు చెట్టు" అన్నాడు అయ్య.

"గదే నేను చెప్పేది. ఎన్నడు దప్పిక తెలవని చెట్టు. గందుకే ఇంత ఎండకే ఆగలేకపోయింది. మెత్తటి నేల మీద చెట్టూ మెత్తగనే ఉంటది, మనిషీ మెత్తగనే ఉంటడు" అంటూ ఆయన నా వైపు చూశాడు. నేను అప్పుడు పందిరి గుంజను పట్టుకుని మెల్లగా కిందికి జారుతున్నాను. కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఇంతలో పిల్ల వచ్చి అయ్య చేతిలో ఆకుదొప్ప పెట్టి వాళ్ల చెట్టు కల్లు పోసింది. నా వైపు ఒక్క చూపు చూసి లోపలికి పోయింది. ఆ చూపుకు నా మత్తు సగం దిగిపోయింది. ఇక మిగిలింది అయ్య నోరే. జీవితంలో మొదటిసారి పోయిన మా పెద్దలందరినీ పేరు పేరునా తలుచుకుని, ఈ ఒక్కసారి మా అయ్య చేత అబద్ధమాడించండి అని మొక్కుకున్నాను. అయ్య నాలుగు చుక్కలు నేలకు వదిలి, కళ్లు మూసుకుని తాగాడు.

"వగరు" అన్నాడు.

"ఆఖర్న చేదు గూడ తగులుతాంది" అన్నాడు అయ్య, ఎవరో అడిగినట్టు. చిన్నాయన చెప్పుల కోసం మంచం కింద వెతుక్కోవడం మొదలుపెట్టాడు. పిల్ల తండ్రి బస్సు రోడ్డు వైపు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. అయ్య దొప్ప కింద పెట్టి లేచి, "చెట్టేది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇంటి వెనక్కి నడిచాడు. వెనకాలే అందరం పోయాం. ఎర్రటి రాతిగుట్ట, రెండు బండల మధ్య పిడికెడు మట్టి, అందులో ఆ జీలుగు చెట్టు. అయ్య మడమతో నేల గీరాడు, గీత కూడా పడలేదు. వంగి మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. తలెత్తి చెట్టు మొవ్వు దాకా చూశాడు.

"పెద్దమనిషీ, నీ కల్లు నాకు నచ్చలె" అన్నాడు చివరికి. "కానీ ఈడ చెట్టు బతికి ఉన్నదంటేనే నాకు నమ్మబుద్ధి అయితలేదు. ఇంత రాయిని తొలుచుకొని, చుక్క చుక్క నీళ్లు తాగి, అందులకెల్లి మీకింత పోస్తాంది. వగరుండదా మరి? నా చెట్టును తెచ్చి ఈడ పెడితే నాలుగు పొద్దులకు చస్తది. ఈ చెట్టుకు దండం పెట్టాలె." నిజంగానే రెండు చేతులూ ఎత్తి పెట్టాడు.

పిల్ల తండ్రి చెట్టు మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు: "నేను కింది నుంచి ఈడికొచ్చినప్పుడు నాకు గూడ నచ్చలె. తాగంగ తాగంగ అలవాటైంది. వచ్చినోళ్లంత బాగున్నది బాగున్నది అంటరు. ఒక్కడన్న లేచి చెట్టు కాడికి రాలె." అక్కడ ఆయన ఎంత ఒంటరిగా ఉన్నాడో నాకు ఆ మత్తులో కూడా అర్థమైంది.

అంతలోనే ఆయన సర్దుకుని నా వైపు తిరిగాడు. "మీ కల్లు అసలు రుచి నేను చూడలె. చూసినోడివి నువ్వే. చెప్పు పిల్లగా, ఎట్లున్నది?"

అబద్ధమాడే స్థితిలో నేను లేను. "కోంటా కాడ మా అమ్మ పిలిచినట్టున్నది మామా" అన్నాను. ఇంకా సంబంధం కుదరకుండానే మామా అనేశానని కూడా నాకు తెలియలేదు. "దోర్నాపాల్ కాడ మా సారు పిలిచినట్టున్నది. సుక్మా కాడ పోలీసోళ్లు పిలిచినట్టున్నది."

"మరి ఈడ?"

"ఈడ... మీరు పిలిచినట్టే ఉన్నది."

లోపల తలుపు వెనక ఎవరో ఫక్కున నవ్వారు. ఎవరో నాకు తెలుసు. ఆయన నవ్వకుండా ఉండాలని గట్టిగా ప్రయత్నించాడు, మీసాలు ఆయనకు సహకరించలేదు. నవ్వుతూనే అయ్య భుజం మీద చెయ్యి వేసి "రా బావా, నీడకు కూసుందాం. వీన్ని ముందుగాల యాడన్న పండబెట్టండి" అన్నాడు. అయ్యను బావా అన్నాడంటే ఇక మా వాళ్లలో వేరే మాట అక్కర్లేదు. నా సంబంధం కుదిరిన శుభ ఘడియలో నేను మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాను. మిగతా మాటలన్నీ చిన్నాయన చెబితే విన్నవే.

తర్వాత మామ మా ఊరొచ్చి, తెల్లవారుజామున మా చెట్టు కిందే నిలబడి తాగి, "తీపే. ఉత్త తీపి" అన్నాడు. ఆ రోజు మొదలైన వాదన వాళ్లిద్దరి మధ్య ఇప్పటికీ తెగలేదు. ఒకరి నేలను ఒకరు తిట్టుకోవడానికే పండగలకు ఒకరింటికి ఒకరు పోతుంటారు. నాకు బడి తోంగ్‌పాల్ వైపే దొరికింది. మొదట్లో మామ పోసిన దొప్ప మొహమాటానికి తాగి, పెరట్లోకి పోయి నోరు కడుక్కునేవాణ్ణి. ఆ వగరు ఎప్పుడు నా నాలుకకు అలవాటైందో నేను గమనించలేదు. ఇప్పుడు సెలవులకు ఇంటికి పోయి మా వాగు ఒడ్డు కల్లు తాగితే ఏదో తక్కువైనట్టుంటుంది. నా సొంత నేల నాకే చప్పగా అనిపించినందుకు మొదటిసారి నిజంగా దిగులేసింది. అయ్య ఇప్పుడు చెట్టెక్కలేడు. కింద నిలబడి ఎవరిచేతనో దింపించి, తన చేత్తోనే నాకు దొప్పలో పోసి, "చెప్పురా, మనదే గదా మంచిగున్నది?" అని అడుగుతాడు. ఒకప్పుడు ఆయన చేత ఒక్క అబద్ధం ఆడించమని పెద్దలందరికీ మొక్కుకున్నవాణ్ణి, ఇప్పుడు ఏటేటా నేనే ఆ పని చేస్తున్నాను. "మనదే అయ్యా" అంటాను. అయ్య నా మొహంలోకి కాసేపు చూస్తాడు. ఆ తర్వాత దొప్ప మళ్లీ నింపుతూ, కోపమేమీ లేకుండా, "తోంగ్‌పాల్ నీళ్లు నీకు బాగనే పట్టినయిరా" అంటాడు.