సున్నం కొట్టిన రెండో రాయి

ఆ రోజుల్లో పెద్దవాళ్లు కూడా ఆటలాడతారన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా బాబాయి. జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాయి క్వారీ బంగళాకు ఆయన కాపలాదారు. నందిగామలో అమ్మ దగ్గర, ఇంట్లోనే బైబిలుతో చదువు నేర్చుకున్న నన్ను పిన్నికి సాయంగా తీసుకెళ్లాడు. అక్కడి బీడులో ఆఫీసర్లు గోల్ఫు ఆడేవారు. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టడం, దాని వెంట నడవడం, ఎక్కడో దూరాన జెండా పాతిన గుంటలో పడేయడం. (పడ్డాక మళ్లీ తీస్తారు. మరి పడేయడమెందుకో నాకిప్పటికీ అయోమయమే.)

వాళ్లలో రిటైరైన ఇంజనీరు గారొకరు ఉండేవారు. సున్నం కొట్టిన రాయి దగ్గర నిలబడి కొడితే బంతి వాగు దాటాలి. ఆ ఏడు ఆయన కొట్టిందల్లా వాగులోనే పడుతోంది. ఇక కర్రలు అటకెక్కిస్తానన్నారట. "ఆ నడక కూడా మానేస్తే మంచాన పడతారమ్మా. మీ బాబాయితో చెప్పి ఆ రాయిని వాగు అవతలి గట్టుకు జరిపించు" అని ఆయన భార్య, మా అమ్మగారు, నన్ను బతిమాలుకున్నారు. పాతిన రాయి జరపడం పాపమని అమ్మ నేర్పింది. అది పొలాల హద్దులకేనా, ఆటలకూ వర్తిస్తుందా? ప్రార్థన చేసుకున్నా తేలలేదు. చివరికి పాతదాన్ని ముట్టుకోకుండా, అవతలి గట్టున బాబాయి చేత ఇంకో రాయి పాతించి నేనే సున్నం కొట్టాను.

మర్నాడు పొద్దున ఇంజనీరు గారు రెండు రాళ్లనీ మార్చి మార్చి చూసి, ఇందులో తనది ఏదని అడిగారు. "రెండూ తమవేనండి" అన్నాడు బాబాయి. మంచినీళ్ల మరచెంబుతో నేనూ వాళ్ల వెనకే వాగు దాటాను. తీరా చూస్తే కొత్త రాయి మీద పక్కపొలం తాత తలపాగా సర్దుకుంటూ కూర్చుని ఉన్నాడు. మా వైపు సున్నం కొట్టిన రాయి వెలిసిందంటే సర్వేవాళ్లు వచ్చినట్టే. పొలం పోతుందని భయపడి, లేవనంటే లేవనన్నాడు. ఇంజనీరు గారు ముఖం చిన్నబుచ్చుకుని కర్ర బాబాయి చేతికిచ్చేసి వెనక్కి తిరిగారు. అమ్మగారు గుర్తొచ్చి, అది హద్దు రాయి కాదు తాతా, అయ్యగారికి బలం తగ్గిందని వేసింది అనేశాను. (అయ్యగారి ఎదుటే.)

తాత ఆయన్ని కిందికీ పైకీ చూశాడు. ఇద్దరిదీ ఒకటే ఈడు.

"బలం తగ్గితే రాయి ముందుకొచ్చిద్దా అయ్యా? ఆ మాటేదో మా మోటబావికీ చెప్పండి, నీళ్లు కాస్త పైకొస్తాయి."

ఇంజనీరు గారు పకపకా నవ్వారు. తాత లేచి, రాయిని కండువాతో తుడిచి, "కానీండి, చూద్దాం" అన్నాడు. ఇంజనీరు గారు కర్ర మళ్లీ అందుకుని కొడితే బంతి ఎగిరి జెండా దాకా దొర్లింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ దాని వెంట నడిచారు. (తర్వాత్తర్వాత, ఎవరూ చూడనప్పుడు కుర్ర ఆఫీసర్లు కూడా ఆ రాయి దగ్గరికే చేరేవారు.)

ఇప్పుడు నాకూ వయసు మీదపడి, చర్చిలో చాప బదులు కుర్చీ వేస్తున్నారు. అందులో కూర్చుని, ఒక్క రాయికి అంతగా వణికిన ఆ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను, దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. మీరు ప్రార్థించేటప్పుడు ఆ తలపాగా తాతను కూడా ఒక్కసారి తలచుకోండి. ఆ పొద్దున ఆయన లేచి ఉండకపోతే, ఇంజనీరు గారు ఇంట్లో కూర్చుండిపోయేవారు.